రేకు మీద 120 గాట్లు: టెలిస్కోప్‌కి స్లిట్ మాస్క్ ఎలా డిజైన్ చేస్తారు?

పోయిన ఎపిసోడ్‌లో ఒక గెలాక్సీ వెలుతురుని సన్నటి స్లిట్‌లోంచి పంపి, గ్రేటింగ్ మీద పడేసి, రంగులుగా విడదీస్తే దాని రెడ్‌షిఫ్ట్ ఎలా తెలుస్తుందో చూశాం. ఇవాళ అక్కడినుంచే ముందుకెళ్దాం. కాకపోతే ముందు ఒక చిన్న లెక్క.

బాగా మసకగా ఉండే ఒక గెలాక్సీకి పెద్ద టెలిస్కోప్ మీద ఒక గంట ఎక్స్‌పోజర్ కావాలి అనుకోండి. రాత్రికి 8 గంటలు పని జరుగుతుంది. మీకు 53,000 గెలాక్సీలు కావాలి. భాగించి చూడండి, 6,625 రాత్రులు వస్తాయి. ఒక్క రోజు కూడా మబ్బు పట్టకుండా, ఏడాది పొడవునా టెలిస్కోప్ మీకే రాసిచ్చేసినా 18 ఏళ్లు పడుతుంది. అలా ఎవరూ రాసివ్వరు కూడా. కానీ 2002లో మొదలైన డీప్-2 అనే సర్వే, హవాయిలో మౌనకియా కొండ మీదున్న కెక్ టెలిస్కోప్‌తో, సుమారు 90 రాత్రుల్లో దాదాపు 53,000 స్పెక్ట్రాలు తీసేసింది.

ఎలా తీసిందంటే, ఒక అల్యూమినియం రేకుతో. ఆ రేకు గురించే ఇవాళ్టి ఎపిసోడ్. నేను సాఫ్ట్‌వేర్ వైపునుంచి వచ్చినవాణ్ణి కాబట్టి, రేకు కంటే ఆ రేకు మీద గాట్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే లెక్క మీద నాకు ఎక్కువ ఆసక్తి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

పెంకుటింట్లో మధ్యాహ్నం పూట కూర్చున్నవాళ్లకి తెలుసు, పెంకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. ఏ సందు ఎక్కడుంటే చుక్క అక్కడ పడుతుంది. టెలిస్కోప్‌లో దీన్ని తిరగేయండి. ఆకాశంలో ఉన్న ఒక్కో గెలాక్సీ బొమ్మ టెలిస్కోప్ ఫోకస్ అయ్యేచోట ఒక్కో కచ్చితమైన బిందువులో పడుతుంది. అక్కడ ఒక రేకు అడ్డం పెడితే అంతా చీకటి. ఇప్పుడు మనకి కావలసిన గెలాక్సీలు పడే చోట్ల మాత్రమే రేకుని సన్నగా కోస్తే, ఆ గెలాక్సీల వెలుతురు మాత్రమే లోపలికి వెళుతుంది. మిగతా ఆకాశమంతా బయటే ఆగిపోతుంది. ఒక రేకులో 100, 120 గాట్లు పెడితే ఒకే గంటలో 120 గెలాక్సీల స్పెక్ట్రా. దీన్నే స్లిట్ మాస్క్ అంటారు, ఈ పద్ధతిని మల్టీ-ఆబ్జెక్ట్ స్పెక్ట్రోస్కోపీ అంటారు.

డీప్-2 వాడిన పరికరం పేరు డైమోస్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా క్రూజ్‌లో సాండ్రా ఫేబర్ నాయకత్వంలో తయారై 2002లో కెక్-2 టెలిస్కోప్‌కి చేరింది. దాని కొలతలు ఒకసారి చూద్దాం, అంకెలు చూస్తేనే ఈ పని ఎంత సున్నితమో తెలుస్తుంది.

ఆకాశంలో దూరాల్ని ఆర్క్‌సెకన్లలో కొలుస్తారు. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్‌సెకన్లు. మన రూపాయి బిళ్ళని సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో నిలబెడితే అది మన కంటికి చేసే కోణం ఒక ఆర్క్‌సెకను. కెక్ అద్దం 10 మీటర్లు, ఫోకల్ లెంగ్త్ 150 మీటర్లు. దాన్నిబట్టి లెక్కేస్తే ఆకాశంలో ఒక ఆర్క్‌సెకను, రేకు మీద 0.73 మిల్లీమీటర్లు అవుతుంది. డీప్-2 స్లిట్ వెడల్పు ఒక ఆర్క్‌సెకను. మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే ఆ కార్డు కూడా దూరనంత సన్నటి సందు. ఇక రేకు పొడవు? డైమోస్ ఆకాశంలో సుమారు 16.7 ఆర్క్‌నిమిషాల మేర చూస్తుంది, అది రేకు మీద 73 సెంటీమీటర్లు. ముప్పావు మీటరు రేకు, దాని మీద వందకి పైగా ఏటీఎం కార్డు సందులు, ఒక్కో సందు వెనకాల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీ.

సరే, గెలాక్సీల జాబితా ఉంది, వాటి స్థానాలు ఉన్నాయి, అన్నింటికీ గాట్లు పెట్టేస్తే పోదా? పోదు. ఎందుకో చూడండి.

రేవులో చాకలివాళ్లు చీరలు ఆరేయడం చూసే ఉంటారు. ఒడ్డు పొడుగునా చీరలన్నీ ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే దిశలో పరిచి ఉంటాయి. స్లిట్‌లోంచి వచ్చిన వెలుతురు కూడా అంతే. రేకు దగ్గర అది ఒక చిన్న గాటు. గ్రేటింగ్ దాటాక నీలం నుంచి ఎరుపు దాకా సాగి, డిటెక్టర్ మీద చీరలా పొడుగ్గా పరుచుకుంటుంది. డైమోస్‌లో ఆ చీర పొడవు 8,000 పిక్సెళ్లకి పైనే. రెండు గెలాక్సీలు ఆకాశంలో దూరంగానే ఉన్నా, రెండూ ఒకే వరసలోకి వస్తే? ఒక చీర మీద ఇంకో చీర పడుతుంది. అప్పుడు ఏ గీత ఎవరిదో చెప్పలేం, రెండు స్పెక్ట్రాలూ పాడైనట్టే. కాబట్టి ఒక వరసకి ఒక్క గెలాక్సీకే చోటు.

బీటెక్‌లో డీఏఏ సబ్జెక్టు చదివినవాళ్లకి ఈపాటికి బుర్రలో గంట మోగి ఉండాలి. ఊళ్ళో ఒకే ఫంక్షన్ హాల్ ఉంది. మాఘమాసంలో ముహూర్తాల కోసం 30 మంది వచ్చారు. ఒకరికి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కావాలి, ఒకరికి సాయంత్రం నుంచి మర్నాడు తెల్లారేదాకా. ఒకరి టైము ఇంకొకరి టైముతో కలిస్తే ఇద్దర్లో ఒకరికే హాలు. ఎవరిచ్చే అద్దె వాళ్లది. మొత్తం అద్దె ఎక్కువ రావాలంటే ఎవరెవరికి ఇవ్వాలి? ఇదే వెయిటెడ్ ఇంటర్వల్ షెడ్యూలింగ్. డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో ఇరవై లైన్ల కోడ్. మాస్క్‌లో ముహూర్తాల బదులు రేకు పొడవు, అద్దె బదులు ఆ గెలాక్సీ మనకి ఎంత ముఖ్యమో చెప్పే అంకె. అంతే తేడా.

ఇరవై లైన్లతో అయిపోతే బాగుండేది. కానీ ఇక్కడ హాలుని కూడా జరపొచ్చు! టెలిస్కోప్‌ని కొద్దిగా పక్కకి చూపిస్తే రేకు మీద అన్ని స్థానాలూ మారతాయి, అంచున ఉన్నవాళ్లు బయటికిపోయి కొత్తవాళ్లు లోపలికొస్తారు. మాస్క్‌ని కొన్ని డిగ్రీలు తిప్పితే ఇంకా పెద్ద మార్పు, ఇందాక ఒకే వరసలో ఉన్న ఇద్దరు ఇప్పుడు వేర్వేరు వరసల్లోకి వెళ్లిపోతారు. స్లిట్ పొడవు తగ్గిస్తే ఇంకొకరికి చోటొస్తుంది. అంటే మూడు నాలుగు నాబ్‌లు ఒకేసారి తిప్పుకుంటూ, ప్రతిసారీ ఆ షెడ్యూలింగ్ మళ్ళీ నడపాలి.

డైమోస్‌కి ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు డీసిమ్యులేటర్. ఐరాఫ్ అనే పాత ఖగోళ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. దానికిచ్చే ఇన్‌పుట్ మామూలు టెక్స్ట్ ఫైల్. పేరు, ఆకాశంలో స్థానం, ఎంత ప్రకాశం, ఆ తర్వాత ప్రయారిటీ కోడ్ అనే ఒక కాలమ్. నాకు ఈ ఫైల్‌లో బాగా నచ్చింది ఆ కాలమే. పాజిటివ్ అంకె వేస్తే అది గెలాక్సీ బరువు. మైనస్ 1 వేస్తే గైడ్ నక్షత్రం. మైనస్ 2 వేస్తే అలైన్‌మెంట్ నక్షత్రం. మిగతా సైన్స్ అంతా ఆ ఒక్క కాలమ్‌లో పెట్టే అంకెల్లో ఉంది. ఈ గెలాక్సీకి 1,000, దానికి 50. ఎందుకు 1,000? మీరు వేశారు కాబట్టి!

జెమిని టెలిస్కోప్‌లో జీమాస్ అనే పరికరానికి వేరే పద్ధతి. అక్కడ అంకెల బరువులు ఉండవు, తరగతులు ఉంటాయి. ఒకటో తరగతి వాళ్లందరికీ ముందు చోటిస్తుంది, మిగిలిన సందుల్లో రెండో తరగతి, ఆ తర్వాత మూడు. పైకి చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ బరువుల పద్ధతిలో పది చిన్న గెలాక్సీలు కలిసి ఒక పెద్దదాన్ని పక్కకి నెట్టగలవు, తరగతుల పద్ధతిలో వంద కలిసినా ఒకటో తరగతి వాడిని కదపలేవు. మీ ఆఫీసులో టికెట్లకి పీ-వన్, పీ-టూ పెట్టడం మీద జరిగే గొడవలు గుర్తొస్తున్నాయా? సేమ్ గొడవ.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. డీప్-2లో అర్హత ఉన్న గెలాక్సీల్లో సుమారు 60 శాతానికే స్లిట్ దొరికింది. మిగతా 40 శాతం? అవి లేవని కాదు. వాటి ఫోటో ఉంది, స్థానం ఉంది, స్పెక్ట్రమ్ మాత్రం లేదు. దాంతో దూరమూ తెలియదు. పోయినవి ఏవో గుడ్డిగా, లాటరీ తీసినట్టు పోయి ఉంటే పెద్ద నష్టం లేదు. వంద మందిని అడగాల్సిన సర్వేలో అరవై మందిని అడిగినట్టే. కానీ ఇక్కడ లాటరీ కాదు. చీర మీద చీర పడేది ఎక్కడ? గెలాక్సీలు గుంపుగా ఉన్నచోట. పక్కపక్కనే ఉన్నవాళ్లే ఒకరికొకరు అడ్డం వస్తారు. ఊరవతల ఒంటరిగా ఉన్న గెలాక్సీకి హాయిగా స్లిట్ దొరుకుతుంది, రద్దీలో ఉన్నదానికి దొరకదు. చివరికి మీ మ్యాప్‌లో గుంపులు నిజంగా ఉన్నదానికంటే పలచగా కనిపిస్తాయి.

ఇందులో చేదు ఏంటంటే, డీప్-2 కొలవాలనుకున్న ముఖ్యమైన వాటిలో ఒకటి ఆ గుంపులే. గెలాక్సీలు ఎంత దగ్గరదగ్గరగా చేరి ఉంటాయి, అప్పటికీ ఇప్పటికీ ఆ చేరిక ఎలా మారింది అన్నదే ప్రశ్న. కొలిచే పరికరమే ఆ జవాబుని తగ్గించి చూపిస్తుందన్నమాట.

దీనికి వాళ్లు చేసే వైద్యం సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసినదే. కంప్యూటర్‌లో ఒక నకిలీ విశ్వం తయారు చేస్తారు. అందులో ఏ గెలాక్సీ ఎక్కడుందో మనకి పూర్తిగా తెలుసు, మనమే పెట్టాం కాబట్టి. ఆ నకిలీ ఆకాశం మీద నిజం మాస్క్‌లు డిజైన్ చేసిన అదే కోడ్‌ని నడుపుతారు. ఎవరికి స్లిట్ దొరికింది, ఎవరికి దొరకలేదు, గుంపుల లెక్క ఎంత తగ్గిందో చూస్తారు. ఆ తగ్గుదలనిబట్టి అసలు డేటాని సరిదిద్దుతారు. టెస్ట్ డేటా మీద పైప్‌లైన్ నడిపి బగ్ ఎంతుందో కొలవడం లాంటిదే.

ఇది పనిచెయ్యాలంటే ఒక షరతు ఉంది. ఎంపిక చేసిన పద్ధతిని మళ్ళీ నడపగలగాలి. ఇక్కడే నాకు ఇంటరాక్టివ్ టూల్స్ మీద కొంచెం అనుమానం. డీసిమ్యులేటర్ లాంటి వాటిలో మెషిన్ ఒక ఎంపిక చేసి ఇస్తుంది, తర్వాత మీరు మౌస్‌తో ఇది తీసెయ్, అది పెట్టు అనొచ్చు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి రాత్రి ఒంటిగంటకి కూర్చుని "ఈ గెలాక్సీ ఫోటోలో చూడ్డానికి బాగుంది, దీన్ని పెడదాం" అని ఒక క్లిక్ చేశాడనుకోండి. ఆ క్లిక్ ఏ ఫైల్‌లోనూ లేదు. పదేళ్ల తర్వాత ఎవరైనా నకిలీ విశ్వం మీద ఆ మాస్క్‌ని మళ్ళీ నడపాలంటే ఆ విద్యార్థి అభిరుచిని ఎలా సిమ్యులేట్ చేస్తారు?

చేత్తో దిద్దడమే తప్పని నేను అనట్లేదు. మీకు కావలసింది ఒకే ఒక క్లస్టర్‌లోని ఇరవై గెలాక్సీలు అయితే నిక్షేపంగా చేత్తో పెట్టుకోండి. లెక్కల సర్వేకి మాత్రం, స్పెక్ట్రా ఎంత జాగ్రత్తగా దాస్తామో, స్లిట్ దొరకని వాళ్ల జాబితానీ దొరకని కారణాన్నీ అంతే జాగ్రత్తగా దాయాలి. కోడ్‌ని గిట్‌లో పెట్టినట్టు ప్రతి మాస్క్‌కీ ఇన్‌పుట్ ఫైల్, రాండమ్ సీడ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ అన్నీ ఉండాలి. ఇది నా పక్షపాతం అనుకున్నా పర్వాలేదు.

ఇక రేకు మీద అటూ ఇటూ జరిగితే ఇంకో తంటా. ఇందాక వరస గురించి చెప్పాను కదా, అది చీర వెడల్పు దిశ. పొడుగు దిశలో గెలాక్సీ రేకు మధ్యలో ఉందా, అంచున ఉందా అన్నదాన్నిబట్టి దాని చీర మొత్తం డిటెక్టర్ మీద పక్కకి జరుగుతుంది. డీప్-2 వాడిన గ్రేటింగ్‌తో ఒక పిక్సెల్ సుమారు 0.33 ఆంగ్‌స్ట్రామ్‌లు. మధ్య నుంచి రెండున్నర ఆర్క్‌నిమిషాలు జరిగితే తరంగదైర్ఘ్యం సుమారు 400 ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతుంది. అంటే ఒక గెలాక్సీకి ఎరుపు చివర తెగిపోవచ్చు, ఇంకోదానికి నీలం చివర.

ఎందుకు ముఖ్యమంటే, ఇంత దూరపు గెలాక్సీల్లో మనం వెతికే ప్రధానమైన గుర్తు ఆక్సిజన్ గీత, 3,727 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. రెడ్‌షిఫ్ట్ 1 అయితే అది 7,454 దగ్గర కనిపిస్తుంది, చక్కగా మధ్యలో. రెడ్‌షిఫ్ట్ 1.45 అయితే 9,130 దాటిపోతుంది, చీర చివర. డీప్-2లో 53,000 స్పెక్ట్రాలకి నమ్మదగ్గ రెడ్‌షిఫ్ట్‌లు 38,000 పైచిలుకే. దొరకని వాటిలో ఎక్కువ భాగం ఈ 1.45 అవతల ఉన్న నీలి గెలాక్సీలే. స్లిట్ దొరికింది, గంట వెలుతురు దొరికింది, గీత మాత్రం డిటెక్టర్ బయట పడింది.

స్లిట్ పొడవు గురించి ఒక మాట. గెలాక్సీ బొమ్మ ఒకటి రెండు ఆర్క్‌సెకన్లే ఉంటే స్లిట్ ఇంకా పొడుగ్గా ఎందుకు అనిపిస్తుంది. ఎందుకంటే రాత్రి ఆకాశం నల్లగా ఉండదు. మన వాతావరణంలో హైడ్రాక్సిల్ అణువులు ఎరుపు వైపు గట్టిగా మెరుస్తాయి, ఆ మెరుపు మన గెలాక్సీ కంటే చాలా ఎక్కువ. గెలాక్సీకి రెండు పక్కలా ఖాళీ ఆకాశం కూడా స్లిట్‌లో ఉంటే, దాన్ని కొలిచి తీసెయ్యొచ్చు. వీధి చప్పుడులో ఎవరి మాటో వినాలంటే ముందు చప్పుడు ఒక్కటీ ఎలా ఉందో తెలియాలి కదా. ఇక్కడ డీప్-2 వాళ్లు చేసిన ఒక తమాషా పని ఉంది. స్లిట్‌లని నిటారుగా కోయకుండా కనీసం 5 డిగ్రీలు వాల్చి కోశారు. అలా వాలిస్తే ఆకాశపు గీత ఒక్కో పిక్సెల్ వరసలో కొంచెం కొంచెం జరిగి పడుతుంది, దాని ఆకారం పిక్సెల్ కంటే సన్నగా తెలుస్తుంది. గెలాక్సీ వాలుగా ఉంటే దానికి తగ్గట్టు స్లిట్‌ని 30 డిగ్రీల దాకా కూడా తిప్పారు.

ఇప్పుడు నాకు ఈ మొత్తం పనిలో అన్నింటికంటే భయం వేసే భాగం, అలైన్‌మెంట్.

రేకు మీద స్లిట్‌లతో పాటు కొన్ని చదరపు పెట్టెలు కూడా కోస్తారు. డైమోస్‌లో 4 ఆర్క్‌సెకన్ల పెట్టెలు, జీమాస్‌లో 2. ఒక్కో పెట్టెలో ఒక నక్షత్రం పడాలి. రాత్రి టెలిస్కోప్ తిప్పాక, గ్రేటింగ్ లేకుండా ఒక ఫోటో తీస్తారు. పెట్టెల్లో నక్షత్రాలు ఎక్కడున్నాయో చూసి, ఎంత జరపాలో, ఎంత తిప్పాలో లెక్కేసి, జరిపి, మళ్ళీ ఫోటో. తిప్పడం ఎంత సున్నితమంటే, డిగ్రీలో పదో వంతు తేడా ఉంటే రేకు చివర 0.87 ఆర్క్‌సెకన్లు తప్పిపోతుంది. మధ్యలో గెలాక్సీలన్నీ స్లిట్‌లో ఉంటాయి, చివర్లో ఉన్నవి రేకు వెనక దాక్కుంటాయి.

తప్పిపోతే నష్టం ఎంత? గాలి నిలకడగా ఉన్న రాత్రి నక్షత్రం బొమ్మ 0.8 ఆర్క్‌సెకన్లు ఉందనుకోండి. ఒక ఆర్క్‌సెకను స్లిట్ నడిమధ్యన పెడితే 86 శాతం వెలుతురు లోపలికెళ్తుంది. అర ఆర్క్‌సెకను పక్కకి పోతే 50 శాతమే. ఆకాశం వెలుగే మన ప్రధాన గొడవ అయినప్పుడు, అదే నాణ్యత రావాలంటే సుమారు మూడు రెట్లు సమయం కావాలి. గంట పని మూడు గంటలవుతుంది. ఏటీఎం కార్డులో సగం మందం, అంతే.

మరి ఆ అర ఆర్క్‌సెకను ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలా అమాయకమైన చోట్లనుంచి. మొదటిది, నక్షత్రాలు కదులుతాయి. గెలాక్సీలు అంత దూరంలో ఉంటాయి కాబట్టి మన లెక్కకి కదలవు. నక్షత్రాలు మన పక్కింటివాళ్లు. గయా మూడో డేటా విడుదలలో స్థానాలు 2016 నాటివి. ఏడాదికి 0.05 ఆర్క్‌సెకన్లు కదిలే నక్షత్రం 2026కి అర ఆర్క్‌సెకను జరిగి ఉంటుంది. ఎంత కదులుతుందో గయానే ఇస్తుంది, కానీ దాన్ని కలపాలి కదా. నాలుగు నక్షత్రాల్లో ఒకటి అలా జరిగి ఉంటే అలైన్‌మెంట్ మొత్తాన్నీ తన వైపుకి లాగుతుంది.

రెండోది ఇంకా దొంగ. గెలాక్సీల స్థానాలు ఒక ఫోటో నుంచి తీసుకుంటారు, నక్షత్రాలవి వేరే క్యాటలాగ్ నుంచి. రెండింటికీ మధ్య 0.3 ఆర్క్‌సెకన్ల తేడా ఉందనుకోండి. రాత్రి ఏం జరుగుతుంది? నక్షత్రాలన్నీ పెట్టెల మధ్యలో ముద్దుగా కూర్చుంటాయి. స్క్రీన్ మీద అంతా పచ్చ. గెలాక్సీలన్నీ మాత్రం స్లిట్ అంచున. టెస్టులన్నీ పాస్, ప్రొడక్షన్ ఫెయిల్! అందుకే అనుభవమున్నవాళ్లు నక్షత్రాలనీ గెలాక్సీలనీ ఒకే ఫోటో నుంచి తీసుకోమంటారు. జీమాస్‌లోనైతే అదే పరికరంతో ముందుగా ఫోటో తీసి, దాని మీదే మాస్క్ డిజైన్ చేసే పద్ధతి కూడా ఉంది.

ఇక గాలి, చలి. వాతావరణం వెలుతురుని వంచుతుంది, కిందికి వాలిన ఆకాశాన్ని ఎక్కువ వంచుతుంది. 45 డిగ్రీల ఎత్తులో డైమోస్ రేకు ఆ చివరకీ ఈ చివరకీ మధ్య ఆకాశం మూడో వంతు ఆర్క్‌సెకను నొక్కుకుపోగలదు. అందుకని మాస్క్ డిజైన్ చేసేటప్పుడే, దీన్ని ఏ గంటకి వాడతామో చెప్పాలి. తూర్పున ఉన్నప్పటికని చేసిన మాస్క్‌ని పడమట దిగాక వాడితే సరిపోదు. పరిశీలించే గంట కూడా రేకు మీద చెక్కి ఉన్నట్టే. చలి సంగతి మీరే లెక్కేయండి: అల్యూమినియం, 73 సెంటీమీటర్లు, 20 డిగ్రీల వర్క్‌షాపు నుంచి సున్నా డిగ్రీల కొండ మీదికి. రేకు 0.33 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. మధ్య నుంచి చూస్తే ఒక్కో చివరా 0.23 ఆర్క్‌సెకన్లు. అందుకే రేకు కోసే ముందే ఆ చలిని లెక్కలో కలపాలి. జీమాస్ మాస్కులు కార్బన్ ఫైబర్ షీట్లని లేజర్‌తో కోసి చేస్తారు. చిలీలో వీఎల్‌టీ మీద 2018 దాకా పనిచేసిన విమోస్ పరికరానికి ఇన్వార్ అనే లోహం వాడారు. రెండూ చలికి దాదాపు కదలనివే.

ఇవన్నీ రాత్రికి కొన్ని వారాల ముందే అయిపోవాలి. ఫైల్ పంపాక రేకు కోస్తారు, కొండ మీదికి చేరుస్తారు. ఆ తర్వాత హాట్‌ఫిక్స్ లేదు, రోల్‌బ్యాక్ లేదు. ఒక ప్రయారిటీ కోడ్‌లో మైనస్ గుర్తు మర్చిపోతే అది లోహంలో ఉంటుంది.

ఇంత బాధెందుకు, కొయ్యకుండా తెరిచి మూసే స్లిట్‌లు పెట్టుకోవచ్చు కదా అనే ఆలోచన మీకూ వచ్చి ఉంటుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌లో నిర్‌స్పెక్ అనే పరికరానికి అదే చేశారు, అక్కడికి రేకులు మోసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. దాదాపు 2,50,000 బుల్లి కిటికీ తలుపులు. ఒక అయస్కాంతం వాటి మీదుగా వెళ్తూ అన్నింటినీ తెరుస్తుంది, కావలసిన వాటిని విద్యుత్ ఆవేశంతో అలాగే పట్టి ఉంచుతారు. ఒక్కోటి వెడల్పు 0.2 ఆర్క్‌సెకన్లు. కోసే బాధ పోయింది, డిజైన్ బాధ మాత్రం అలాగే ఉంది, ఒక రకంగా పెరిగింది. కిటికీల వరసలు కదలవు కాబట్టి మీ గెలాక్సీ రెండు కిటికీల మధ్య చట్రం మీద పడొచ్చు. కొన్ని తలుపులు బిగుసుకుపోయి తెరుచుకోవు, కొన్ని మూసుకోవు. చీర మీద చీర పడకూడదన్న నియమం ఎక్కడికీ పోలేదు. అదే షెడ్యూలింగ్, అదే బరువులు.

ఆ బరువు ఎవరికి ఎంత వేయాలన్న ప్రశ్నకి ఈ మధ్యే ఒక మంచి ఉదాహరణ వచ్చింది. జేడ్స్ అనే సర్వేలో ఒక మసక చుక్క, దాని పక్కనే ఆకాశంలో ఇంకో దగ్గరి గెలాక్సీ. ఇంత దూరపుదానికి ఇంత ప్రకాశమా, ఏదో దగ్గరిదే మోసం చేస్తోందేమో అని అనుమానాలుండేవి. తర్వాత వేరే ఫిల్టర్లతో తీసిన ఫోటోలు చూశాక దానికి కిటికీ ఇచ్చారు. 2024 జనవరిలో నిర్‌స్పెక్ దాన్ని దాదాపు 10 గంటలు చూసింది. రెడ్‌షిఫ్ట్ 14.32. బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్లు కూడా నిండని కాలం నాటిది, అప్పటికి తెలిసిన గెలాక్సీలన్నింటికంటే దూరమైనది. అనుమానంతో దాని అంకె తగ్గించి, ఆ వరసని పక్కనున్న ఏ ఖాయమైన గెలాక్సీకో ఇచ్చి ఉంటే అది ఇప్పటికీ ఫోటోలో ఒక మసక చుక్కే.

ఇందాక నేను చేత్తో పెట్టొద్దు, నియమం రాయండి అన్నాను. ఇలాంటివాటిని చూస్తే అనుమానమున్న వాళ్లకి కూడా కాస్త బరువు వేసే నియమమే రాసుకోవాలి అనిపిస్తుంది.

చివరగా, మన పిల్లలకి ఇది చేసే అవకాశం ఉందా అంటే, ఉంది. దక్షిణాఫ్రికా సదర్లాండ్‌లో ఉన్న సాల్ట్ టెలిస్కోప్‌లో పుణెలోని అయుకా భాగస్వామి. దాని స్పెక్ట్రోగ్రాఫ్‌లో కూడా స్లిట్ మాస్కులు వాడొచ్చు. ఆ టెలిస్కోప్ అద్దం ఎప్పుడూ నడినెత్తికి 37 డిగ్రీల వాలులోనే ఉంటుంది, పైకీ కిందికీ వంగదు. కాబట్టి వాతావరణం వంపు లెక్క అక్కడ ఎప్పుడూ దాదాపు ఒకటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి తలనొప్పుల్లో ఒకటి తగ్గినట్టు.

వచ్చే ఎపిసోడ్‌లో రేకులూ కిటికీలూ వదిలేసి ఫైబర్ల దగ్గరికి వెళ్దాం. అరిజోనాలో డెసి అనే పరికరం 5,000 బుల్లి రోబోలతో ఒక్కో ఫైబర్‌ని ఒక్కో గెలాక్సీ మీదికి ఎలా తోస్తుందో, అవి ఒకదానికొకటి గుద్దుకోకుండా ఎలా చూస్తారో మాట్లాడుకుందాం.